రికార్డక్క పుస్తకాల వరుస

ఆసుపత్రిలో అందరూ ఆమెను రికార్డక్క అనేవారు. పెద్ద డాక్టరు కూడా అలాగే పిలిచేవాడు. మెట్ల కింద కిటికీ లేని గదిలో, నేల నుంచి కప్పు దాకా ఉన్న ఇనుప ర్యాకుల మధ్య ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. రోగి నంబరులోని చివరి రెండంకెలను బట్టి ఫైలు ఏ ర్యాకులో ఉండాలో తేలుతుంది. ఎవరైనా ఫైలు తీసుకెళితే ఆ సందులో ఒక అట్టముక్క నిలబెట్టి, తీసుకెళ్ళినవారి పేరూ తేదీ రాయాలి. ఇందులో ఏది తప్పినా ఫైలు దొరకదు, డాక్టరు కేకలు వేస్తాడు. ఆమె ఉన్నంతకాలం ఆ కేకలు పెద్దగా వినపడలేదు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. రెండు గదుల ఇల్లు, తొమ్మిది వందల పైచిలుకు పుస్తకాలు. ముందు గదిలో ఒక గోడంతా చెక్క అరలే. చూడ్డానికి వచ్చినవాళ్ళు, పగలంతా నంబర్లతో గడిపే మనిషి కదా, ఇంట్లో కూడా ఏదో లెక్క ఉంటుందనుకునేవారు. ఉంది, కానీ అది ఆమెకొక్కదానికే తెలుసు. పుస్తకాలను ఏ వయసులో, ఏ రోజుల్లో చదివిందో ఆ వరుసలో పెట్టుకుంది. పైన ఎడమ చివర బడిలో బహుమతిగా వచ్చిన పల్చటి కథల పుస్తకం. దాని పక్కన కాలేజీ రోజులవి. ఆ కిందది బస్సు అర. ఇక్కడికి రాకముందు నాలుగేళ్ళపాటు దూరంగా ఉన్న ఆసుపత్రిలో పనిచేసినప్పుడు, వెళ్ళేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంట బస్సులో చదివినవి. అన్నీ చేతిసంచిలో పట్టేవే. తర్వాతది అమ్మ అర. తల్లి మంచాన పడ్డ పది నెలలూ పక్కన కూర్చుని చదివినవి. సగంలో విసుగొచ్చి వదిలేసిన పుస్తకాలను మాత్రం, అవి ఏ అరలోవైనా, ముఖం గోడవైపు తిప్పి పెట్టేది. ఎందుకని అడిగితే, "అవీ నేనూ మాట్లాడుకోవడం లేదు" అనేది. ఎవరైనా పుస్తకం అడిగి పట్టుకెళితే ఆ సందులో అట్టముక్క నిలబడేది. ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చుకున్న అలవాటు అదొక్కటే.

పక్క వీధిలో తమ్ముడు ఉండేవాడు. ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రీ. పుస్తకాల జోలికి పోయేవాడు కాదు.

"చదివేశాక ఇంకెందుకక్కా, గోడ కనపడకుండా?" అని ఒకసారి అడిగాడు.

"నువ్వు రంగేసిన గోడల్ని మళ్ళీ వెళ్ళి చూసుకోవూ?"

"చచ్చినా వెళ్ళను. పెచ్చులూడి ఉంటే ఎవరు మాటలు పడతారు?"

ఆమెకు యాభై ఏడో ఏడు నడుస్తుండగా, ఒక సోమవారం ఉదయం, ర్యాకులోంచి ఒక ఫైలు తీసింది. అట్ట మీద ఉన్నది చదవలేకపోయింది. ఎవరో తెలియని భాషలో రాశారనుకుని పక్క ఫైలు తీసింది. అదీ అంతే. మూడోదీ అంతే. అటెండరును పిలిచి, "ఇదేం భాష బాబూ?" అని అడిగింది.

"మన అక్షరాలేగా అక్కా. మీరు రాసిందే" అన్నాడతను. తర్వాత ఆమె ముఖం చూసి చక్రాల కుర్చీ తెచ్చాడు.

మెదడు వెనకభాగంలో ఒక చిన్న రక్తనాళం మూసుకుపోయిందని పై అంతస్తులో తేల్చారు. మాట బాగుంది. నడక బాగుంది. చేతికి కలమిస్తే పేరు రాసింది, చిరునామా కూడా రాసింది. తను రాసినదాన్ని చదవమంటే చదవలేకపోయింది.

"రాయడం ఉంటుంది, చదవడం పోతుంది. అరుదుగా ఇలా జరుగుతుంది" అన్నాడు డాక్టరు.

"తిరిగొస్తుందా?"

"కొంత రావచ్చు. ఎంత అనేది నేను చెప్పలేనక్కా."

వారం తిరిగేసరికి అంకెలు తిరిగొచ్చాయి. అక్షరాలు రాలేదు.

ఆమె ఆసుపత్రిలో ఉన్న మూడు వారాలూ తమ్ముడికి కాలు నిలవలేదు. వార్డులో కూర్చుని ఏం మాట్లాడాలో తెలియదు. ఏదో ఒకటి చేయాలి. తనకు చేతనైంది రంగు వేయడం కాబట్టి, అక్క ఇంటికి రంగు వేద్దామనుకున్నాడు. పుస్తకాలన్నీ దించి, అరలు ఊడదీసి, గోడకు లేత పసుపు వేశాడు. తిరిగి సర్దే పని అతని భార్య నెత్తిన వేసుకుంది. ఆమె చేతి పని అద్దంలా ఉంటుంది. నాలుగు రోజులు కూర్చుని ఒక్కొక్క పుస్తకాన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఎత్తును బట్టి, రంగును బట్టి దుకాణంలోలాగా పేర్చింది. వెనక్కి తిరిగి ఉన్నవాటిని ముందుకు తిప్పింది. అట్టముక్కలను చెత్తలో వేసింది.

అక్క ఇంటికి వచ్చిన రోజు మరదలు గుమ్మంలోనే అడిగింది, "ఎలా ఉంది వదినా?"

"శుభ్రంగా ఉంది" అందామె.

అరల ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుంది. ఇదివరకైతే రెండు రోజుల్లో అంతా యథాస్థానానికి చేర్చేసేది. ఇప్పుడు పుస్తకాల వీపుల మీద ఉన్నవన్నీ ఆమెకు మరకలే. బస్సు అర ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆ పూట అన్నం తినలేదు. మరదలు అడిగితే మందుల వల్ల అంది.

రెండు నెలలకు తిరిగి ఉద్యోగంలో చేరింది. ఫైళ్ళకు అంకెలు చాలు. పేర్లు సరిచూడ్డానికి అటెండరు ఉన్నాడు. డాక్టర్లకు తేడా తెలియలేదు. ఈ సంగతి విని మరదలికి ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఇంట్లో పుస్తకాలక్కూడా నంబర్లు వేసేద్దాం వదినా. చీటీలు నేను అంటిస్తాను."

అప్పుడు చెప్పింది ఆమె, పాత వరుస ఏమిటో.

"ఆ రోజే చెప్పకపోయారా! నాలుగు రోజులు నడుం విరగ్గొట్టుకుని మీ కొంప ముంచానన్నమాట."

"నువ్వు తుడిచినంత శుభ్రంగా నేను ఏనాడూ తుడవలేదులే."

"ఆ మాట నన్ను ఊరుకోబెట్టడానికి" అని మరదలు లోపలికి వెళ్ళి మొగుడికి ఫోన్ చేసింది.

ఆ వచ్చే ఆదివారం తమ్ముడు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. అతను పుస్తకం పేరు చదవాలి, అక్క చెప్పిన అరలో పెట్టాలి. పేర్లు కూడబలుక్కుని చదివేవాడు. కొన్ని పేర్లు విన్నా ఆమెకు ఏమీ తట్టేది కాదు. అలాంటప్పుడు అతను తనకు తెలిసిన విద్య వాడేవాడు. "ఇటుక రంగు. ఎండకు వెలిసింది, ఎడమవైపు మాత్రమే" అనేవాడు. "కింది మూల బూడిదరంగు, తడి తగిలిన మచ్చ." ఆమె కళ్ళు మూసుకుని వినేది. "ఆ, వానలో తడిసింది అది. బస్సు అర" అనేది. పేరు కన్నా మచ్చతోనే ఎక్కువ పుస్తకాలు దొరికాయి. పక్కన మరదలు గుడ్డ పట్టుకుని, పెట్టేముందు ఇంకోసారి తుడిచేది.

నాలుగో ఆదివారం అమ్మ అర మొదలైంది. తల్లి మంచాన పడిన ఆ పది నెలలూ తమ్ముడు వేరే ఊళ్ళో ఒక పెద్ద భవనం పని మీద ఉన్నాడు. మూడుసార్లు మాత్రం వచ్చి వెళ్ళాడు. ఇరవై రెండు పుస్తకాలు వరుసగా కుదిరాయి. ఇరవై మూడో దాంట్లో, నూట నలభయ్యో పేజీ దగ్గర ఒక నూలుపోగు కనిపించింది.

"ఇది పూర్తి చెయ్యలేదా?"

"అక్కడిదాకా అమ్మకు చదివి వినిపించాను. మర్నాడు పోయింది."

అతను పుస్తకం పట్టుకుని నిచ్చెన మెట్టు మీదే కూర్చున్నాడు.

"అమ్మ నన్ను అడిగేదా?"

"రోజూ అడిగేది. పని మీద ఉన్నాడమ్మా అనేదాన్ని."

"ఏమనేది?"

"'సరే, చదువు' అనేది."

తమ్ముడు ఆ పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. బాగా చదివాడని చెప్పలేం. ప్రతి రెండో వాక్యంలో ఆగేవాడు. పొడుగాటి మాట వస్తే దాన్ని ముక్కలు చేసి మింగేవాడు. చూడకుండానే అక్క సరిచేసేది. మూడు పేజీలయ్యేసరికి గొంతు బొంగురుపోయింది. మరదలు మంచినీళ్ళు తెచ్చి, తనూ గుమ్మం దగ్గర కూర్చుంది. ఆ రోజు ఇంకేమీ సర్దలేదు.

ఆ పుస్తకం అయిపోవడానికి ఆరు ఆదివారాలు పట్టింది. ఆ తర్వాత దాన్ని అమ్మ అర చివర పెట్టి మిగతావి సర్దారు. అంతా అయ్యాక, ఎక్కడివో తేలనివి అరవై దాకా మిగిలాయి. పేరు చెప్పినా, రంగు చెప్పినా ఆమెకు గుర్తు రాలేదు. వాటిని మరదలు పేర్చినట్టే, ఎత్తు ప్రకారం అడుగు అరలో ఉంచేశారు.

ఈలోగా ఆసుపత్రిలో ఒక అమ్మాయి ఆమెకు చదవడంలో శిక్షణ ఇచ్చేది. అక్షరాన్ని కంటితో గుర్తుపట్టకపోతే వేలితో దిద్దమనేది. "ఈ వయసులో ఓనమాలా?" అని రికార్డక్క మొదట నవ్వింది. కానీ కంటికి తెలియనిది వేలికి తెలుసు. అక్షరం మీద వేలు తిప్పితే దాని పేరు నోటికి వచ్చేది. మొదటి నెలలో ఒక వాక్యం చదవగలిగింది. ఆరో నెలకు పేరా. ఉద్యోగ విరమణ నాటికి పేజీకి ముప్పావు గంట పట్టేది. అంతకన్నా వేగం రాలేదు. ఇక రాదని డాక్టరు కూడా చెప్పాడు. ఆమె తలూపింది.

విరమణ తర్వాత రెండేళ్ళలో నాలుగు పుస్తకాలు చదివింది. అవి పెట్టడానికి తమ్ముడు కిటికీ పక్కన కొత్త చెక్క కొట్టాడు. ఐదడుగుల పొడవు కోయించాడు. నాలుగూ కలిపి జానెడు కూడా రాలేదు. ఐదోదిగా ఆరు వందల పేజీల పుస్తకం తీస్తే మరదలు ఆపింది.

"పల్చటిది తీసుకోవచ్చుగా వదినా. అది ఎప్పటికవుతుంది?"

"అయినప్పుడు అవుతుంది" అని ఆమె చూపుడువేలు మొదటి అక్షరం మీద పెట్టింది.