తెర వెనక కేక

రోజూ పొద్దున తట్టను పక్కావిడకు అప్పజెప్పి, చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని, కూతురు సాయిదుర్గను స్కూలు దగ్గర దింపి వస్తుంది లోవలక్ష్మి. పాలకొల్లు చేపల మార్కెట్లో ఆమె గొంతు తెలియనివారు లేరు. ఆ ఇంగ్లీషు మీడియం స్కూలు గేటు దగ్గర మాత్రం అది పెగలదు. అక్కడ తెలుగు మాట్లాడిన పిల్లలు మధ్యాహ్నం అన్నం నిలబడి తినాలి. తల్లులకు శిక్ష ఇంకా నిర్ణయించలేదు గాని, ఆమె తన జాగ్రత్తలో తానుంటుంది.

కిందటేడు స్కూలువారికి హఠాత్తుగా సంస్కృతి గుర్తొచ్చి కల్చర్ డే పెట్టారు. చేపలమ్మే అమ్మాయి వేషం డాక్టరుగారి అలేఖ్యకు ఇచ్చారు. "అలేఖ్యకి ఆ లుక్ ఉంది" అంది రమ్యశ్రీ మేడం, చేపలమ్మే ఇంటి పిల్ల మొదటి బెంచీలో ఉండగానే. లుక్ ఉంది, పట్టుచీర ఉంది, ప్లాస్టిక్ చేపలున్నాయి. కేకే రాలేదు. ఎంత అరిచినా పాఠం అప్పజెప్పినట్టే ఉంది. చివరికి మేడం ఉపాయం కనిపెట్టింది. తెర వెనక మైకులో సాయిదుర్గ కేక వేస్తుంది, తెర ముందు అలేఖ్య పెదాలు కదుపుతుంది.

"తెలుగులో అరిస్తే నుంచోబెడతారా మేడం?" అనడిగింది సాయిదుర్గ.

"ఆ ఒక్కరోజుకీ ఏమనర్లే. ఎవరికీ చెప్పకు" అంది మేడం, తెలుగులోనే.

"రండమ్మా రండి, పండుగప్ప! ఇంకా తోకాడిస్తోందండీ!" హాలు దద్దరిల్లింది. మొదటి బహుమతి అలేఖ్యకు. సహజమైన ఉచ్చారణకు ముఖ్య అతిథి ప్రత్యేక ప్రశంస కూడా.

చివరి వరసలో లోవలక్ష్మి లేచి నిలబడింది. "అయ్యో, ఆ గొంతు మా పిల్లదండీ! ఏదండీ మా దుర్గ?"

హాలంతా వెనక్కి తిరిగింది. మేడం తెర వెనక నుంచి సాయిదుర్గను ముందుకు తెచ్చింది. "టెల్ మీ, అది నీ వాయిసా?"

పిల్ల తోటివాళ్ల ముఖాలు చూసింది. తల్లి వైపు చూడలేదు.

"నో మేడం. షీ ఈజ్ మిస్టేకెన్."

"చూశారా, ఎంత చక్కటి ఇంగ్లీషో!" అని మురిసిపోయింది మేడం.

లోవలక్ష్మికి 'నో' ఒక్కటే అర్థమైంది. అది చాలింది. కూర్చుంది.

"అందరిలో అలా అరుస్తావేంటమ్మా?" అంది కూతురు, దారిలో.

"నువ్వు అరిచావనే కదే అరిచాను" అంది తల్లి.

సాయిదుర్గ ఇప్పుడు అదే స్కూల్లో తొమ్మిదో తరగతి. పేరెంట్స్ మీటింగులకు లోవలక్ష్మి వెళ్లడం మానేసి, భర్త సత్తియ్యను పంపుతోంది. ఆయన ఏ భాషలోనూ పెద్దగా మాట్లాడడు గనుక స్కూలువారికి బాగా నచ్చాడు.