మనిషిని పట్టిన వల

నెల్లిమర్ల మిల్లు గేటు దగ్గర చేపలమ్మే గున్నమ్మకి ఫుట్‌బాల్ గురించి తెలిసినంత, ఆ ఊళ్లో ప్యాంట్లేసుకు తిరిగే బాబులకి కూడా తెలీదు. వేళాకోళానికి అంటున్న మాట కాదిది. కోనాడ తీరాన పుట్టిన మనిషి, అక్షరమ్ముక్క రాదు. అయినా ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే గంపలోంచి నాలుగు చేపలు తీసి అటూ ఇటూ పెట్టి, ఇదిగో వీడు తప్పు, వీడు ఒప్పు అని తేల్చిపారేసేది. మిల్లు జట్టుకి గోల్‌కీపరు ఆమె తమ్ముడు పోతురాజు మరి.

తల్లి పోయేనాటికి పోతురాజుకి నాలుగేళ్లు. చంకనేసుకుని పెంచింది గున్నమ్మే; అక్కని వాడు 'అప్పా' అని పిలిచేవాడు. పెళ్లయ్యాక వాణ్ని కూడా వెంటబెట్టుకుని అత్తారింటికెళ్లింది. ఏ మొగుడు ఒప్పుకుంటాడు చెప్పండి? నూకయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేమిటి, సొంత తమ్ముణ్ని చూసినట్టు చూశాడు. వేట నుంచి వచ్చిన సాయంత్రాలు వాణ్ని ఇసకలో నిలబెట్టి, వలకి కట్టే బెండుముక్కలు కుడికీ ఎడమకీ విసిరేవాడు. "పట్టరా! జారిపోతే సేప తప్పు కాదు, సేతి తప్పు" అని కేకలేసేవాడు. అలా పట్టడం నేర్చిన చేతులే తరవాత మిల్లులో పని తెచ్చిపెట్టాయి.

అలాంటి నూకయ్యని గంగమ్మ తీసుకుపోయింది. అరవై నాలుగో సంవత్సరం, కార్తీకమాసం. తెప్ప తిరగబడింది. మూడోనాడు తెల్లారేసరికి తన వలలో తానే చుట్టుకుని ఒడ్డుకొచ్చాడు. చెంపల మీదా చేతుల మీదా వలకళ్ల అచ్చులు, గళ్లు గళ్లుగా. గున్నమ్మ వాటిని వేలితో రుద్దింది. ఎంత రుద్దినా పోలేదు.

ఆ పల్లెల్లో ఒక కట్టుబాటుంది. మనిషిని పట్టిన వలని ఇంట ఉంచరాదు. పదోనాడు దాన్ని తెప్ప మీద సముద్రం లోపలికి తీసుకెళ్లి, కత్తితో ముక్కలు కోసి, "నీది నీకు, మాది మాకు" అని గంగమ్మకి అప్పగించి వెనక్కి చూడకుండా రావాలి. మనిషి రుచి మరిగిన వల ఊరుకోదంటారు. కులపెద్ద జోగయ్య వచ్చి వల అడిగితే గున్నమ్మ మూట కట్టి ఇచ్చింది. ఇచ్చింది గానీ, ఆ మూటలో ఉన్నది ఎలకలు కొట్టిన పాతవల. నూకయ్యది అటకెక్కించింది. ఆఖరిసారి నూకయ్యని పట్టుకున్నది అదే కదా, దాన్ని కూడా ఇచ్చేస్తే తనకింకేం మిగులుతుంది? రోజూ దీపం పెట్టే వేళకి నిచ్చెనెక్కి దాన్నొకసారి ముట్టుకుని దిగేది. ముట్టుకున్నప్పుడల్లా చేతికి తడి తగిలేది. ఉప్పుగాలికి చెమ్మగిల్లిందిలే అని మొదట్లో సరిపెట్టుకుంది. రోహిణీకార్తె ఎండల్లో కూడా అది తడిగానే ఉంటే ఎవరికి చెప్పుకుంటుంది? ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్లు గడిచాయి. అరవయ్యారు డిసెంబరులో బ్యాంకాక్ కబురొచ్చింది. నాలుగేళ్ల కిందట ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చిన మన దేశం జట్టు, ఈసారి మొదటి అంచె కూడా దాటకుండా ఇంటిదారి పట్టింది. టీకొట్టు రేడియో చుట్టూ మూగిన మిల్లు జనం చావుకబురు విన్నట్టు నిలబడిపోయారు.

"ఇరాన్ వాళ్లు నాలుగు కొట్టారే గున్నమ్మా, నాలుగు!" అన్నాడు నరసింగరావు. మిల్లులో గుమస్తా, జట్టు బాగోగులన్నీ చూసేది ఆయనే.

"మరి ఎనకాల నిల్సున్నోడు ఏటి సేస్తన్నాడు బాబూ, కునుకు తీస్తన్నాడా?"

"పాతవాళ్లు అలిసిపోయారు. కొత్తవాళ్లు కనబడటం లేదు. ఇలాగే ఉంటే ఇంకో నాలుగేళ్లకి మన జట్టు పేరెత్తేవాడుండడు."

"కొత్తోలు నేకపోడమేటి? మా పోతురాజుని అట్టుకెల్లమను!"

అందరూ ఘొల్లున నవ్వారు. అంత దుఃఖంలోనూ నవ్వారు. గున్నమ్మకి ఒళ్లు మండింది. గంప నెత్తికెత్తుకుని, "నవ్వండి, నవ్విన నాపసేనే పండుతాది" అని విసవిసా పోయింది.

పండింది కూడాను. మాఘమాసంలో నరసింగరావు పరిగెత్తుకుంటూ వచ్చాడు. దేశం జట్టుకి కొత్తవాళ్లని వెతకడానికి కలకత్తా నుంచి ఒక పెద్దమనిషి జిల్లాలన్నీ తిరుగుతున్నాడట. ఆదివారం నెల్లిమర్ల వస్తున్నాడు, విశాఖపట్నం జట్టుతో ఆట పెట్టమన్నాడు. చూసేది ముఖ్యంగా పోతురాజునే. వచ్చిన చిక్కల్లా ఒకటే, మైదానంలో గోలుస్తంభాలకి వలల్లేవు. రెండు కావాలి. నాలుగురోజులే ఉంది.

తనే అల్లి ఇస్తానంది గున్నమ్మ, కానీ ఇంట్లో నూలుతాడు ఒక వలకే సరిపోయింది. వేళ్లు కోసుకుపోయేలా అల్లినా శుక్రవారానికి అదొక్కటే తయారైంది. శనివారం పొద్దున్న అటక కింద చాలాసేపు నిలబడింది.

"ఇంట ఉంచకూడదన్నారు గానీ, బైట కట్టకూడదని ఎవులన్నారు?" అని తనకి తానే నచ్చజెప్పుకుంది. లోపల ఇంకో ఆశ కూడా ఉంది. వాడి చేతులకి పట్టు నేర్పినవాడు వాడి వెనకాలే ఉంటే మంచిదే కదా అని. వల దించి, సీసం గుండ్లూ బెండ్లూ కోసేసి, "నీ బామ్మర్దిని నువ్వే సూసుకో" అంది.

బస్సులో కండక్టరు విసుక్కున్నాడు. "ఏటే గున్నమ్మా, గంపలోంచి నీళ్లోడతన్నాయి, బతికున్న సేపలా?"

గంపలో చేపల్లేవు.

ఆదివారం మధ్యాహ్నం మైదానం చుట్టూ జనం. కొత్తవల రోడ్డువైపు కట్టారు, నూకయ్య వల చంపావతి ఏటివైపు. మొదటి సగం పోతురాజు రోడ్డువైపు నిలబడ్డాడు. అదేం ఖర్మో, పావుగంటలో రెండు గోల్సు వదిలేశాడు. గున్నమ్మ నెత్తి కొట్టుకుంది. కలకత్తా పెద్దమనిషి ఆవులించి చేతిలో పుస్తకం మూసేశాడు.

కాసేపటికి మిల్లు జట్టు ఏటివైపు ఒక గోలు కొట్టింది. బంతి వెళ్లి నూకయ్య వలలో పడింది. జనం ఎగిరి గంతులేశారు. అవతలి కొసన పోతురాజు మాత్రం రెండు చెవులూ మూసుకుని మోకాళ్ల మీద కూలిపోయాడు. ఎవరో ముల్లుకర్రతో పొడిచినట్టు ఒళ్లంతా మెలిపెట్టుకున్నాడు. "వీడికేమొచ్చిందే? మనమే కదా కొట్టింది!" అన్నాడు నరసింగరావు. ఎండదెబ్బేమో అనుకుంది గున్నమ్మ.

రెండో సగం పక్కలు మారాయి. పోతురాజు ఏటివైపుకొచ్చి, ఆటకి పోకుండా ముందు వల దగ్గరికెళ్లాడు. జొరమొచ్చిన మనిషి నుదురు చూసినట్టు దాన్ని అరచేత్తో ముట్టుకున్నాడు. అలాగే ఉండిపోతే రిఫరీ ఈల వేసి పిలవాల్సి వచ్చింది.

ఆకు కదలని మధ్యాహ్నం అది. రోడ్డువైపు వల చచ్చినట్టు వేలాడుతోంది. ఏటివైపు వల మటుకు ముందుకి, పోతురాజు వీపు వైపుకి ఉబ్బింది. ఎండిన నేల మీద సున్నం గీత కింద నుంచి నీరూరి కరగడం మొదలెట్టింది. నీచు వాసన, సముద్రం వాసన. పక్కనున్నవాళ్లు గున్నమ్మ వైపు చూసి ముక్కులు మూసుకున్నారు. ఆ రోజు ఆమె గంప తేనేలేదు.

ఇక ఆ సగంలో ఒక్క బంతి లోపలికి పోతే ఒట్టు. బూట్ల కిందకి మొహం పెట్టి ఆపాడు. స్తంభానికి డొక్కలు గుద్దుకుని ఆపాడు. జనం వెర్రెత్తిపోయారు. పెద్దమనిషి మళ్లీ పుస్తకం తెరిచి గబగబా రాసుకుంటున్నాడు. ఆఖర్న పెనాల్టీ ఇస్తే, దాన్ని కూడా గాల్లోకి లేచి వేలికొసల్తో బయటికి నెట్టేశాడు. మైదానం దద్దరిల్లింది. చప్పట్లు కొట్టనిది గున్నమ్మ ఒక్కతే. వాడు ఏడుస్తున్నాడు. అంత దూరం నుంచి ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలిసింది.

మిల్లు జట్టు ఓడింది గానీ ఎవరికీ పట్టలేదు. పెద్దమనిషి వచ్చి పోతురాజు భుజం తట్టి ఏదో అన్నాడు. నరసింగరావు తెలుగులో చెప్పాడు: "ఇలా ప్రాణానికి తెగించి ఆడేవాడి కోసమే తిరుగుతున్నాడట! వచ్చే నెల కలకత్తా రమ్మన్నాడు. ఒరే, దేశం గోలు నీ చేతిలో పడిందిరా!"

గున్నమ్మ పొంగిపోయి చెంగుతో తమ్ముడి మొహం తుడవబోయింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. వాడి చెంపల మీదా, మోచేతుల దాకానూ అచ్చులు. గళ్లు గళ్లుగా. వేలితో రుద్దింది. పోలేదు.

"అప్పా, ఆ వల..." అన్నాడు పోతురాజు.

"నోరు ముయ్యి! ఏటీ సెప్పకు. నానేటీ ఇనను" అని నోటికి చెయ్యడ్డం పెట్టింది. మొగుణ్ని తిన్నది చాలక ఆ వల తమ్ముణ్ని అడుగుతోందని ఆమె భయం.

ఆ సాయంత్రమే వల విప్పుకొచ్చి, మర్నాడు పొద్దున్నే జోగయ్య కాళ్ల మీద పడి జరిగిందంతా చెప్పింది.

"ఒసే, ఎంత పని సేసినావే! రెండేళ్లా? రెండేళ్లు నడింట్లో అట్టుకు కూకున్నావా?" ముసలాయన సముద్రం వైపు తిరిగి దండం పెట్టాడు. ఆడమనిషిని తెప్ప ఎక్కించడం ఆ పల్లెలో లేదు. అయినా, "నువ్వు దాసినావు, నువ్వే కొయ్యాల" అని ఎక్కించుకున్నాడు. అలలు దాటాక గున్నమ్మ కత్తి తీసింది. ముడులు ఇనుములా ఉంటాయనుకుంది. పెట్టగానే తెగిపోయాయి. ఒక్కో ముక్కా నీళ్లలోకి జారుతుంటే, పోతురాజు కలకత్తా కూడా వాటితోపాటే జారిపోతోందనిపించింది. వల లేకపోతే వాడు మొదటి సగంలో ఆడినట్టే కదా ఆడేది? బతికుంటే చాలు తల్లీ అనుకుంది. "నీది నీకు, మాది మాకు." వెనక్కి చూడలేదు.

అనుకున్నట్టే అయింది. పోతురాజు రైలెక్కి వెళ్లి ఇరవయ్యో రోజుకి తిరిగొచ్చేశాడు. కుర్రాడు ఫరవాలేదు, అంతే, అని రాసిచ్చారట. "మళ్లీ పాతవాళ్లే గతి. ఇంక మన జట్టు లేచినట్టే" అని నరసింగరావు టీకొట్టు దగ్గర తల పట్టుకున్నాడు. గున్నమ్మ ఆయన మొహం చూడలేకపోయింది. వాడి రాతా, దేశం రాతా కలిపి తనే కత్తితో కోసేసినట్టు నాలుగురోజులు అన్నం సయించలేదు.

అయిదోరోజు పోతురాజు పల్లెకొచ్చాడు. అక్కాతమ్ముళ్లు ఒడ్డున కూర్చున్నారు, నడిమధ్యాహ్నం ఎండ. ఆమె దాచకుండా చెప్పేసింది.

"నానే నీకు అన్నాయం సేసినాన్రా. ఆ వల మీ బావది. గంగమ్మకి ఇచ్చీసినాను. అదుంటే నీ ఎనకాల మీ బావ ఉండును, నువ్వు గెలుద్దువు."

పోతురాజు చెంపల మీద అచ్చుల్లేవు.

"బావ నాకు సాయం సేసినాడనుకున్నావా అప్పా?"

"మరి అలగెలగ ఆడినావు?"

"అది ఆట కాదు. బంతి ఆ వలకి తగిల్తే బావ మూలిగినాడు. మొదట మనోలే కొట్టినారు గదా, అటు కొస నుంచి ఇనబడింది. ఆ మూలుగు మళ్లీ ఇనలేననుకున్నాను. ఒక్కటి కూడా తగలనీకూడదనుకున్నాను. అంతే. కలకత్తాలో నా ఎనకాల ఎవులూ నేరు. ఉత్త తాడు. నాలుగు గోల్సు ఇడిసీసినాను, హాయిగా."

గున్నమ్మ దగ్గరికి జరిగింది. "నన్నేటైనా... అడిగినాడా?"

వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పెనాల్టీ అప్పుడు అడిగినాడు. 'ఇంక ఇడిసిపెట్టమని మీ అప్పకి సెప్పరా. రెండేళ్లయింది, సలేస్తన్నాది' అన్నాడు."

గున్నమ్మ తన అరచేతుల వైపు చూసుకుంది. రోజూ దీపం పెట్టే వేళకి ఎక్కి ముట్టుకున్నది తనే. తడి తగిలిన ప్రతిసారీ, ఉన్నాడులే అని గుండె నింపుకుని దిగింది తనే. మొగుడు పోయినప్పుడు కూడా ఏడవనంతగా, తమ్ముడి మోకాళ్లు పట్టుకుని ఏడ్చింది.