బంతిపూల దండ కింద బెంచ్ ప్రెస్

ఛాతీ మీద ఇనుము, ముక్కులో బంతిపూలు, ఎదురుగా అత్తగారు. ఒక మనిషి పరువు పోవడానికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి! నవ్వదలచినవాళ్లు ఇప్పటినుంచే మొదలుపెట్టండి, నేనేమీ అనుకోను.

పెళ్లయ్యాక తొలి దసరా. నాచారం నుంచి ఉప్పల్‌లోని అత్తవారింటికి కొత్త బట్టల్లో వెళ్లాను. మా బామ్మర్ది సాగర్ వెళ్లే జిమ్‌లో ఆయుధపూజ అంటే అందరం కదిలాం. డంబెల్స్‌కు, ట్రెడ్‌మిల్‌కు, అన్నిటికీ కుంకుమ బొట్లు. బెంచ్ ప్రెస్ రాడ్డుకైతే పెళ్లికొడుక్కి వేసినట్టు బంతిపూల దండ కూడా. పూజయ్యాక ఎవరో ఒకరు ఆ రాడ్డును దండతో సహా లేపాలి, అది అక్కడి ఆనవాయితీ.

"బావా, లేపుతవా? నీతోని కాదంటే నేను లేపుత," అన్నాడు సాగర్.

పులిహోర గిన్నెతో అత్తగారు పక్కనే ఉన్నారు. ఇంక ఆగుతానా?

"గదెంత పని!" అన్నాను. అప్పటిదాకా నేను జిమ్ చూసింది ఫోన్‌లోనే.

"జర ఆగు తమ్మీ, బరువు తగ్గిస్త. నెత్తికాడ నిలవడి పట్టుకుంట," అన్నాడు ట్రైనర్ యాదగిరన్న.

"ఏం అక్కర్లేదన్నా!"

బెంచీ మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు గాల్లో పెట్టి, మోచేతులు బార్లా చాపి, రాడ్డును సరాసరి గొంతు మీదికి దించాను. దండ వచ్చి ముక్కులో దూరింది.

"హాచ్చ్!"

రాడ్డు ఛాతీ మీద కూలబడింది. చొక్కా అంతా ఎర్రగా అయింది.

"అయ్యో, నెత్తురు! నా బిడ్డ బతుకు ఆగమాయె!" అని అత్తగారు కేక పెట్టారు.

సాగర్, యాదగిరన్న చెరోవైపు పట్టి రాడ్డు తీశారు. "నెత్తురు గాదమ్మా, కుంకుమ!" అన్నాడు సాగర్.

"గట్లనా? అయితె పులిహోర తింటడా?"

ఆ పూటనుంచి నా పేరు 'బంతిపువ్వు బావ'. ఉప్పల్‌లో పుట్టిన పేరు నాకంటే ముందే నాచారం చేరింది. మా పాలాయన కూడా పలకరించి ముసిముసిగా నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. ఈ పేరుతో ముసలివాణ్ణి కావడం నావల్ల కాదనుకుని, పొద్దున్నే యాదగిరన్న దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను.

"ముందుగాల ఖాళీ రాడ్డు. పాదాలు నేలకు గట్టిగ ఆనిచ్చు. వీపు రెక్కలు దగ్గరికి గుంజి బెంచీకి అంటియ్యి. బొటనవేలు రాడ్డు చుట్టు తిప్పు. మోచేతులు మరీ పక్కలకు పోనియ్యకు. గొంతు మీదికి గాదు, రొమ్ము కిందిభాగానికి మెల్లగ దించు."

"మరి దండ?"

"సక్కగ దించితె పువ్వు ముక్కుదాక రానే రాదు. వచ్చిందంటె తప్పు నీదే."

ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టి, బరువు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాను. "బట్టలు కురచైనయా, నువ్వు ఉబ్బినవా?" అని మా ఆవిడ అడిగిన రోజు నా ఆనందం చూడాలి!

మళ్లీ దసరా వచ్చింది. అదే రాడ్డు, అదే బరువు. దండ మాత్రం సాగర్ కావాలనే పెద్దది కట్టించాడు, దొంగ! ఈసారి యాదగిరన్నను నెత్తి దగ్గర నిలబెట్టుకుని పడుకున్నాను. ఊపిరి బిగబట్టి మెల్లగా దించాను. పువ్వులు బుద్ధిగా పొట్ట మీద వాలాయి. ఒక్క రేకు ముక్కు వైపు చూస్తే ఒట్టు. పైకి తోశాను!

"ఇంకోటి, బావా!" అని సాగరే అరిచాడు. ఇంకోటీ లేపాను. యాదగిరన్న వేలు కూడా వేయలేదు. రాడ్డు పెట్టేసి నేను వేసిన కేక నాచారందాకా వినిపించే ఉంటుంది.

"ఇగ నువ్వు బంతిపువ్వు బావవు గాదు, పహిల్వాన్ బావవు!" అని సాగర్ వాటేసుకున్నాడు.

అత్తగారికి సంతోషం పట్టలేదు. "నా అల్లుడు బంగారం!" అంటూ రాడ్డుకున్న దండ తీసి, పులిహోర గిన్నె పట్టుకున్న చేత్తోనే నా మెళ్లో వేశారు.

"హాచ్చ్!"

ఆవిడ చేతిలోని గిన్నె ఎగిరి, నన్ను పహిల్వాన్ అన్న సాగర్ నెత్తిన బోర్లాపడింది.

కాబట్టి ఉప్పల్, నాచారం పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎంత ఇనుమైనా మోస్తాను, బంతిపూల దండ మాత్రం ఈ జన్మలో మోయను.