ముందు, తర్వాత

సొట్టల మేస్త్రి చెయ్యి తిరిగిన మనిషి. కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమురుతాడు. కంటికి దొరకని సొట్ట చేతికి దొరుకుతుందంటాడు. చిన్న సుత్తితో ఎంత కొట్టినా రేకు చిట్లదు. ఆ ఓపికంతా షెడ్డులోనే అయిపోతుంది. ఇంట్లో ఆ చెయ్యి మాటకన్నా ముందు లేస్తుంది.

షెడ్డుకి వెబ్‌సైట్ చేస్తున్నది భార్యే. సొట్టపడ్డ కారు ఫొటో ‘ముందు’ అన్నచోట, బాగైన కారుది ‘తర్వాత’ అన్నచోట పెడుతోంది. నిన్న ఒక ఫొటో చూసి, "షెడ్డు బోర్డు సగం తెగ్గొట్టావేమే, కళ్లెక్కడ పెట్టుకున్నావ్?" అంటూ చేతిలో ఉన్న ఫోన్‌తోనే దవడ పగలగొట్టాడు. పన్ను ఊడి కీబోర్డు మీద పడింది. ఆమె నెత్తురు తుడుచుకుని మళ్లీ పనిలో కూర్చుంది.

ఇవాళ షెడ్డులో పదిమందిని పోగేసి, "చూడండి నా పనితనం!" అని వెబ్‌సైట్ తెరిచాడు. కార్లన్నీ అయ్యాక చివరి జత వచ్చింది. ముందు, ఆమె పెళ్లినాటి ముఖం. తర్వాత, నిన్నటి ముఖం. కింద రాసింది ఒకాయన పైకే చదివేశాడు: "ఇది కూడా మా ఆయన పనితనమే."

మేస్త్రి అలవాటుకొద్దీ ఆ వాచిన చెంపని తెరమీద తడిమాడు. వేలికి నున్నగానే తగిలింది.