బ్రేకులు నేనే మార్చాను

కారు ముందు చక్రాలు కీచుమనడం మొదలుపెట్టిన రోజునే మా బావ, అంటే మా ఆయన అన్న, చెయ్యి చాపాడు. "తాళాలు ఇయ్యి. ఆడోళ్ళ చేతిల బండి ఉంటే గిట్లనే అయితది" అన్నాడు. బ్రేకు ప్యాడ్లు అరగడానికి ఆడా మగా తేడా ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. తొక్కితే ఎవరికైనా అరుగుతాయి.

అప్పుడు మా ఆయన ఉద్యోగం గడ్చిరోలిలో. సిరొంచ ఇంట్లో నేనూ మా అత్తా, పక్కింట్లో బావ. నేను పాఠాలు చెప్పే బడి ఊరికి చాలా దూరం. బస్సును నమ్ముకుంటే మొదటి గంట కొట్టాక గానీ చేరను. నా జీతంలో మిగుల్చుకుని కొన్న పాత కారు అది. తాళాలు బావ చేతికి పోయాయంటే బడికి పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా ఆయన ఖాళీ చూసుకోవాలి. ఆయన ఖాళీ సంగతి ఊరందరికీ తెలుసు. ఛాయ్ హోటల్ మూసేదాకా దొరకదు.

ఎస్టీడీ బూత్ నుంచి అహేరి మెకానిక్‌కు ఫోన్ చేశాను. "మగోళ్ళను పంపుండ్రి మేడం, మీకు సమజ్ కాదు" అన్నాడు. ఒళ్ళు మండింది. చక్రంతో పాటు తిరిగే డిస్కులు రెండు, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లు నాలుగు బస్సు డ్రైవర్‌తో పంపిస్తే చాలు, మిగతాది నేనే చూసుకుంటానని పెట్టేశాను. చదివి పిల్లలకు చెప్పగలిగినదాన్ని, చదివి నట్టు విప్పలేనా?

కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను మరక లేకుండా కడగాలని సామానుతో వచ్చిన కాగితంలో రాసి ఉంది. శనివారం సాయంత్రం పెట్రోలుతో కడిగి, వసారాలో గోనెసంచి మీద ఆరబెట్టాను. ఆదివారం పొద్దున వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, నట్లు వదులు చేసి, జాకీ ఎత్తాను. రెండు బోల్టులు విప్పితే ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ ఊడి వచ్చింది. బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా దాన్ని తీగతో పైకి కట్టాను. పాత డిస్కు తుప్పుకు అతుక్కుపోయి కదల్లేదు. గోడ అవతలి నుంచి బావ, "సుత్తె పట్టుకునుడే వస్తలేదు, గిది నీతోని అయ్యే పనా?" అన్నాడు. నాలుగు దెబ్బలు వేశాను. డిస్కు ఊడింది. ఆయన వీపు మీద వేసినంత హాయిగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

మధ్యాహ్నానికి రెండు వైపులా బిగించాను. పెడల్ గట్టిపడేదాకా తొక్కి, తొందరపడి నేరుగా ప్రాణహిత రేవుకు దిగే వాలు మీదికి పోనిచ్చాను. బావ కూడా వెనకే నడిచి వచ్చాడు, తమాషా చూడ్డానికి. బ్రేకు తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం ఆగలేదు. జారుకుంటూ పోయి ఇసుకలో కూరుకుని నిలిచింది. బావ పరుగున వచ్చి మళ్ళీ చెయ్యి చాపాడు. తాళాలు లాగి జాకెట్లో దోపుకున్నాను.

నలుగురితో నెట్టించి ఇంటికి తెచ్చి చక్రం విప్పగానే వాసన కొట్టింది. ఇప్పనూనె! మా అత్త వచ్చి పక్కన నిలబడింది. "ఇనుము ఉత్తగ పెడితే తుప్పు పట్టదా బిడ్డా? కొడవళ్ళకు రాసినట్టే పొద్దుగాల జర రాసిన" అంది. కోతలయ్యాక నూనె రాయకుండా ఒక్క పనిముట్టునూ అటకెక్కించని ఇల్లు మాది. ఆమె ప్రేమగానే రాసింది. మెరుస్తున్నాయి కదా అని తుడవకుండా ఎక్కించింది నేను. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

నూనె తాగిన ప్యాడ్లు ఇక పట్టవు. అహేరి నుంచి మళ్ళీ కొత్తవి వచ్చేసరికి వారమైంది. ఆ వారమంతా నేను బస్సు కోసం నిలబడితే, బావ ఊరంతా డప్పు కొట్టాడు. నూనె సంగతి నేను బయటపెట్టలేదు. చెబితే ఆడలేక మద్దెల ఓడంటోందని నవ్వుతారు, పైగా ముసలావిడను ఆడిపోసుకుంటారు.

మరుసటి ఆదివారం డిస్కులు రెండుసార్లు కడిగి, కొత్త ప్యాడ్లు బిగించి, ఈసారి ఇంటి ముందు చదును మీదే పదిసార్లు ఆపి చూసుకున్నాను. రేవుకు బయలుదేరుతుంటే బావ అడ్డం వచ్చాడు.

"పోయినసారి తప్పు ఎవరిది? చెప్పు. చెప్పి తాళాలు ఇయ్యి."

"తప్పు నాదే బావా. బండి గూడ నాదే. పోయినేడు నువ్వు ట్రాక్టర్‌ను వాగుల పడేసినవ్, నీ తాళాలు ఎవరన్న అడిగిన్రా?"

ఆయన బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అంతలో మా అత్త ముందు తలుపు తెరిచి నా పక్కన కూర్చుంది. జన్మలో ఎన్నడూ ముందు సీట్లో కూర్చోని మనిషి. "నూనె రాసింది నేను. ఆమెనేం అడుగుతవ్? పక్కకు జరుగు" అని కొడుకును గదమాయించి, నా వైపు తిరిగింది. "నడుపు బిడ్డా."

వాలు సగం దిగాక బ్రేకు తొక్కాను. కారు ఉన్నచోటే నిలబడిపోయింది. అత్త ముందుకు తూలి, ఎదుటి అద్దం అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. ఆ వెంటనే తల కిటికీలోంచి బయటపెట్టి, వెనకే నడిచొచ్చి పైన రోడ్డు మీద నిలబడ్డ కొడుక్కి వినపడేలా అరిచింది.

"ఆగిందిరా!"