పువ్వు వాసన చూడకూడదు, దీపం ఊదకూడదు

ఈవేళ పొద్దున మా ఘాజియాబాద్ అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక చంటివాడు బొమ్మ కావాలని కేకలు పెడుతుంటే, వాళ్ళమ్మ వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని "బేటా, డీప్ బ్రెత్ లో" అని ఊపిరి బాగా పీల్చమంది. వాడు ఇంకా గట్టిగా అరిచాడు. నాకు నవ్వొచ్చింది. వెనకే మా మనవరాలి మూడో ఏడు గుర్తొచ్చింది.

మా అమ్మాయి కూతురు అప్పట్లో కోపమొస్తే కొరికేది. ముందు చెవులు ఎర్రబడేవి, తర్వాత దవడ బిగిసేది, ఆపైన ఎవరి చెయ్యి అందితే ఆ చెయ్యి. నా మణికట్టు మీద దాని పళ్ళ వరస గాజులా ఉండేది. ప్లేస్కూల్లోనూ ఇదే వరస. ఇంకోసారి ఎవరినైనా కొరికితే పంపొద్దన్నారు. తోటి పిల్లల పుట్టినరోజు పిలుపులు రావడం అప్పటికే మానేశాయి. కొరికే పిల్ల అని పేరు పడిపోతుందేమోనని మా అమ్మాయి అన్నం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ప్లేస్కూలు టీచరు నెమ్మదస్తురాలు. పిల్లలకు ఊపిరి నేర్పుతున్నానంది. చేతిలో పువ్వున్నట్టు వాసన పీల్చాలట, ఎదురుగా కొవ్వొత్తి ఉన్నట్టు ఊదాలట. "ఆంటీజీ, ఘర్ మే భీ కరాయియే" అని ఇంట్లోనూ చేయించమంది. నాకు చదువు తక్కువ గానీ వింతలంటే చెవి కోసుకుంటాను. కోపం ఊపిరితో ఎలా పోతుందా అని ఆటోలో నేనే పీల్చి వదులుతూ కూర్చుంటే, డ్రైవరు అద్దంలో చూసి "మాతాజీ, తబియత్ ఠీక్ హై?" అంటూ ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాడు.

ఇంట్లో మాత్రం అది సాగలేదు. దేవుడి పువ్వు వాసన చూడకూడదు, దీపం నోటితో ఊదకూడదు అని దానికి మాటలు వచ్చినప్పటి నుంచి చెబుతున్నది నేనే. కోపంలో ఉన్న పిల్లను పువ్వు వాసన చూడమంటే, ఏడుపు ఆపి, దేవుడికి కోపమొస్తుందని బెదిరిపోయి చూసింది. "భగవాన్‌జీ గుస్సా హోంగే, అమ్మమ్మా!"

"ఇది ఉత్తుత్తి పువ్వేనే తల్లీ."

"ఉత్తుత్తి భగవాన్‌జీ గుస్సా హోంగే!"

కోపానికి తోడు భయం కూడా చేరి ఇల్లెగిరిపోయింది. "రెండూ మీరే బ్యాన్ చేశారుగా అత్తయ్యగారూ" అని మా అల్లుడు నవ్వాడు. మా అమ్మాయి నవ్వలేదు.

మర్నాడు టీచరుకు చెబితే ఆవిడ పడీపడీ నవ్వి, మరి ఇంట్లో పిల్ల దేన్ని ఊదుతుందని అడిగింది. దేన్ని ఊదుతుంది? చారు! ఇంగువ పోపు వేసిన గిన్నె ముందుపెడితే, ముక్కు దగ్గరపెట్టి వాసన లాగుతుంది, బుగ్గలు పొంగించి ఊదుతుంది. ఎవరూ నేర్పలేదు. కోపం లేనప్పుడే ఆడించండి అంది టీచరు. అరచేతులు దొప్పలా పట్టడం, ఉత్తుత్తి చారు పోయడం, చల్లార్చడం. మొదట్లో ఊదుతూ ఊదుతూనే నన్ను కొరికేసింది కూడా.

ఒక మధ్యాహ్నం పిల్లను తెద్దామని వెళ్ళి గేటు బయట నిలబడ్డాను. లోపల ఎవరో పిల్ల దీని నీళ్ళసీసా లాక్కుంది. చెవులు ఎర్రబడ్డాయి. దవడ బిగిసింది. నాకు అందేంత దూరం కాదు. టీచరు పక్కనే ఉండి ఒక చెయ్యి అడ్డం పెట్టింది గానీ ఊదమని చెప్పలేదు. నా మనవరాలు అరచేతులు రెండూ దొప్పలా పట్టింది. వాసన లాగింది. ఊదింది. బుగ్గలు వణుకుతున్నాయి, కన్నీళ్ళు ఆ దొప్పలోనే పడుతున్నాయి. ఆపైన "మేరా హై! దే!" అని, నాది నాకిచ్చెయ్యమని వీధంతా వినపడేలా అరిచింది. అరిచిందే గానీ కొరకలేదు.

ఆ ఎర్రబడ్డ చెవులకూ పంటిగాటుకూ మధ్య రెప్పపాటు కూడా లేదనుకునేదాన్ని. గిన్నెడు చారు చల్లారేంత కాలం అక్కడ ఇమిడి ఉందని ఆ గేటు బయట నిలబడి చూశాను.