ఉప్పుటేటి మొగలో మూడు ప్రదక్షిణలు

గంగమ్మ తల్లికి చీర సమర్పించబోయి ఒక ప్రభుత్వాధికారిని సమర్పించినంత పని చేసినవాణ్ణి నేను. నన్ను చూస్తే అలా అనిపించదు. కోటబొమ్మాళిలో కిరాణా కొట్టు మీద కూర్చుని, రెండు పప్పు పొట్లాల మధ్య నాలుగు పేజీలు చదువుకునే మనిషిని. ఆ చదువే నన్ను ముంచబోయింది. మాటవరసకు అనడం లేదు. నిజంగా ఉప్పునీళ్ళలో, నాతో కలిపి నలుగురిని.

బళ్ళో నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగిలినదంతా గ్రంథాలయంలోనే. తేనెటీగల పెంపకం నుంచి తోకచుక్కల దాకా దొరికిందల్లా చదివాను. ఏ విషయమైనా మూడు పుస్తకాలు చదివితే నాకు వచ్చేసినట్టేనని గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో ఇంట్లో మిక్సీ విప్పాను. అది ఇప్పటికీ ఒక బుట్టలో ఉంది.

నాలుగేళ్ళ కిందట నౌపడ ఉప్పుమళ్ళు దాటాక వచ్చే ఉప్పుటేట్లో, షికారుకొచ్చే జనాన్ని తిప్పడానికి ఒక చిన్న జెట్ బోటు పెట్టాను. జెట్ బోటంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. దీనికి నీళ్ళలో తిరిగే పంకా ఉండదు, చుక్కాని ఉండదు. పొట్ట కింద ఒక నోరు ఉంటుంది. ఆ నోటితో నీళ్ళు పీల్చి వెనక గొట్టంలోంచి చిమ్ముతుంది. ఆ విసురుకే ముందుకు దూకుతుంది. గొట్టం తిప్పితే బోటు తిరుగుతుంది. లోతు లేని ఉప్పుటేటికి ఇంతకంటే మంచి బోటు లేదు.

నడపడానికి అప్పన్న మావ ఉన్నాడు. ఆయనకీ నాకూ చుట్టరికం లేదు. మా వైపు వరస కలపడానికి చుట్టరికం అక్కర్లేదు. సగం జీవితం గుజరాత్ లోని వేరావల్లో ఎవరివో చేపల బోట్ల మీద గడిపి, ఈ పని దొరికిందని ఇల్లు చేరాడు. ఆయన భార్య నీలమ్మ అత్త ఆ సంతోషంలో నాకు ఎండుచేపల కూర పంపేది. మా ఇంట్లో చేపలు తినరని నేనెప్పుడూ చెప్పలేదు.

చిక్కంతా కెరటాలతో వచ్చింది. జనానికి ఉప్పుటేరు చాలదు. అది సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్ళాలి. అక్కడ ఎదురుగాలికి నీళ్ళు ఉడుకుతున్న ఎసరులా ఎగురుతుంటాయి. అందులో మా చిన్న బోటు పెనం మీద పేలపుగింజ. ఒకసారి కాస్త దగ్గరదాకా వెళ్ళామో లేదో, రాజాం నుంచి వచ్చిన ఒక రిటైర్డు మాస్టారి కట్టుడుపళ్ళు మూడో కెరటానికి ఎగిరి నీళ్ళపాలయ్యాయి. ఆయన నన్ను చాలాసేపు తిట్టారు. పళ్ళు లేని తిట్లు కాబట్టి మెత్తగానే తగిలాయి.

జనం తగ్గారు. ఒక సాయంత్రం అప్పన్న మావ బోటు కడుగుతూ అన్నాడు.

"అల్లుడూ, వేరావల్ నుంచి ఫోన్లొస్తన్నాయి. మొగ దాకా ఎల్లే బోటు నేకపోతే ఇక్కడ నాకు పనేటుంటాది? వానలు తగ్గినాక రైలెక్కీయాల."

ఒడ్డున నీలమ్మ అత్త వల చిక్కు తీస్తోంది. ఆ మాటకు ఆమె చెయ్యి ఆగింది. అది చూశాక నేను మూడు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.

"మావా, పొట్టి బోటు ప్రతి కెరటాన్నీ ఎక్కి దిగుతుంది. పొడుగు బోటు రెండు కెరటాల మీద ఒకేసారి ఆనుతుంది. అడుగు చదునుగా ఉంటే నీళ్ళు చెంపదెబ్బ కొడతాయి. గొడ్డలి వాదరలా ఉంటే కెరటాన్ని కోసుకుపోతుంది."

"ఇది పుస్తకంలో ఉన్నాదేటి?"

"మూడింటిలోనూ ఉంది."

"మా తాత నావలన్నీ అలగే కట్టించీవోడు. ఆడికి సంతకం కూడా రాదు. సరే, పుస్తకం కూడా మా తాత మాటే సెప్తన్నాదంటే మంచి పుస్తకమే. తెప్పించీ."

పెద్ద బోటు గోవా నుంచి లారీ మీద వచ్చింది. ఇరవై ఆరడుగుల పొడవు, తెల్లటి ఒళ్ళు, కత్తిలాంటి అడుగు. నౌపడ రైలు గేటు దగ్గర లారీ ఆగితే ఆటోల్లోంచి జనం దిగొచ్చి దాన్ని తాకి చూశారు. దాని పొట్ట కింద నోరు చూసి నేనే అడుగు వెనక్కి వేశాను. పాత బోటు నోరు పళ్ళెమంత ఉంటే దీనిది గంగాళమంత. అడ్డంగా ఇనుప చువ్వలున్నా వాటి సందుల్లో నా పిడికిలి దూరింది.

అప్పన్న మావ మూడు రోజులు దాన్ని కొత్త ఎద్దును మచ్చిక చేసుకున్నట్టు తిప్పాడు. మొగలోకి తీసుకెళ్ళి, కెరటం లేచే ముందే వేగం తగ్గించి, అది దిగేటప్పుడు మళ్ళీ అందుకునేవాడు. బోటు ఒళ్ళు విరుచుకున్నట్టు లేచి మెల్లగా వాలేది. నేను ఒడ్డున నిలబడి చూసేవాణ్ణి. వాదర కోణం ఎంత ఉండాలో నాకు తెలుసు. కెరటం మనసులో ఏముందో ఆయనకు తెలుసు.

ఇక మిగిలింది ఒక్కటే. తనిఖీ అధికారి వచ్చి బోటెక్కి చూసి, మొగ దాకా జనాన్ని తిప్పడానికి అనుమతి రాయాలి. రాస్తే అప్పన్న మావ ఇక్కడ. రాయకపోతే వేరావల్లో.

అధికారి వచ్చే రోజు పొద్దున్నే నీలమ్మ అత్త నన్ను ఆపింది.

"సిన్న బోటుకి ఒడ్డునే కొబ్బరికాయ కొట్టీసి ఎల్లిపోనారు. ఇది మొగలోకెల్లే బోటు. అమ్మోరికి సీరెట్టాల."

వాళ్ళ పద్ధతి చాలా సులువు. మొగ దగ్గర పడవ ఆపి, పసుపు రాసిన చీర నీళ్ళలో వదిలి, దండం పెట్టుకుని వెళ్ళిపోవడమే. కానీ పెద్ద బోటుకు పెద్ద మర్యాద ఉండాలని యజమానిగా నాకు తోచింది. ఎర్రంచు ఉన్న తొమ్మిది గజాల నూలు చీర తెచ్చాను. దానికి తోడు బారెడు బంతిపూల దండలు రెండు. అంతటితో ఊరుకున్నా ఈ కథ ఉండేది కాదు.

లైఫ్ జాకెట్లు తొడుక్కుని నలుగురం బయల్దేరాం. అధికారి చేతిలో ఒక ఫైలు, ఇంకో చేతిలో స్టీలు గ్లాసులో టీ. మొగలో కెరటాలు అటూ ఇటూ పొడుచుకుంటుంటే మా బోటు వాటి మధ్యనుంచి ఊరేగింపులా సాగిపోయింది.

"బ్రహ్మాండంగా ఉందండీ! చూడండి, టీ ఒలకలేదు," అన్నారు అధికారి.

నా ఛాతీ లైఫ్ జాకెట్లో పట్టలేదు. "మావా, లే. చీర వదిలేటప్పుడు స్టీరింగు యజమాని చేతిలో ఉండాలి," అన్నాను. అప్పన్న మావ నన్నూ, కెరటాలనూ ఒకసారి చూసి సీటు ఇచ్చాడు.

నీలమ్మ అత్త చీర వదిలింది. దాని వెంట దండలు. నీళ్ళ మీద పసుపు విచ్చుకుంది.

"సాలు అల్లుడూ, ఎల్లిపోదాం."

"ఆగు మావా. అమ్మవారికి మూడు ప్రదక్షిణలు చేసి వెళ్దాం."

"పడవతో పెదచ్చినాలేటి? మావోల్లెవులూ సెయ్యనేదు."

"మీవాళ్ళ పడవలు ఇలా గిర్రున తిరగవు మావా. చూడు దీని మలుపు!"

మొదటి ప్రదక్షిణకు అధికారి గ్లాసు కింద పెట్టి చేతులు జోడించారు. రెండో ప్రదక్షిణ ఇంకా దగ్గరగా చేశాను. మూడో ప్రదక్షిణ సగంలో చూస్తే నీళ్ళ మీద చీర లేదు, పూలు లేవు.

"అమ్మ స్వీకరించింది!" అని అరిచాను.

సరిగ్గా అప్పుడే మా కాళ్ళ కింద, గొంతులో ముద్ద అడ్డుపడ్డ ఏనుగులాంటి చప్పుడు వచ్చింది. బోటు ఒక్క కుదుపుతో ఆగింది.

నవ్వకండి. ఈ సంగతి పుస్తకంలో ఉంది. నోటి దగ్గరకు తాడు గాని, గుడ్డ గాని, నాచు గాని రానివ్వకూడదని స్పష్టంగా ఉంది. నేను చదివాను, కింద గీత కూడా గీసుకున్నాను. కానీ ఆ రాసినాయన ఎవరో గంగమ్మ చీరను ఆ జాబితాలో చేర్చలేదు. నాకూ అది గుడ్డ అని తోచలేదు. అమ్మవారి చీరను గుడ్డ అని మీరు మాత్రం అనుకుంటారా?

"ఏమైందండీ?" అన్నారు అధికారి.

"ఏం లేదండీ. గొట్టంలోంచి నీళ్ళు రావడం లేదు."

"రాకపోతే?"

"స్టీరింగు పనిచెయ్యదండీ."

"మరి బ్రేకు?"

"బోటుకు బ్రేకు ఉండదండీ."

"ఇంకేం ఉంటుందండీ?"

"అమ్మోరుంటాది బాబూ," అంది నీలమ్మ అత్త.

బోటు పక్కవాటుగా ఇసుక మేట వైపు కొట్టుకుపోసాగింది. అక్కడ కెరటాలు లేచి విరిగి తెల్లగా నురగ కక్కుతున్నాయి. నేను ఏం చేశానంటారా? ఇంజను ఇంకా గట్టిగా తిప్పాను. లోపల చీర ఇంకా గట్టిగా బిగుసుకుంది.

"ఒరే అల్లుడూ! సెయ్యి తియ్!"

అప్పన్న మావ నన్ను ఒరే అనడం అదే మొదటిసారి. చెయ్యి తీశాను. ఆయన రెండంగల్లో ముందుకెళ్ళి లంగరు వేశాడు. తాడు బిగిసి, బోటు ముక్కు మెల్లగా కెరటాలకు ఎదురు తిరిగింది. ఇంజను పనికిరాకపోయినా బోటు అడుగు మాత్రం తన పని మానలేదు. వచ్చిన ప్రతి కెరటాన్నీ చీల్చి అటూ ఇటూ పంపింది. పాత బోటయితే ఈపాటికి మాస్టారి పళ్ళను వెతుకుతూ మేమూ కిందికి వెళ్ళేవాళ్ళం.

కానీ లంగరు ఇసుకలో జారుతోంది. నురగ దగ్గరవుతోంది. అప్పన్న మావ ఇంజను ఆపి, తాళంచెవి తీసి మొలతాడుకు కట్టుకున్నాడు.

"తాళం ఎందుకు మావా?"

"నాను కిందుండగా నువ్వు సదివిందేటైనా గుర్తొచ్చి నొక్కీసినావనుకో, మీ అత్త బొట్టు పోతాది."

జాకెట్ విప్పి, నడుముకు తాడు కట్టి దాని కొస నా చేతిలో పెట్టి, కత్తి పట్టుకుని దూకాడు. మొదటిసారి పైకి వచ్చినప్పుడు గుప్పెడు బంతిపూలు. రెండోసారి పసుపు పీలికలు. నేను తాడు పట్టుకుని నీళ్ళనే చూస్తున్నాను. నీలమ్మ అత్త నీళ్ళను చూడలేదు. అధికారి చేతిలోని ఫైలును చూస్తోంది. సముద్రం మీద ఆమెకు భయం లేదు. మొగుడు ఎలాగైనా పైకి వస్తాడు. ఆ ఫైలులో సంతకం పడకపోతే మాత్రం రైలెక్కేస్తాడు. ఆ చూపు చూశాక నేను తెచ్చిన తొమ్మిది గజాలూ నా మెడకే చుట్టుకున్నట్టయింది.

మూడోసారి ఆయన చీర కొంగు పైకి అందించాడు. "లాగండి!"

నీలమ్మ అత్త లాగింది. చాల్లేదు. అధికారి ఫైలు చంకలో ఇరికించుకుని ఆయనా ఒక చెయ్యి వేశారు. ఇద్దరూ కలిసి బావిలోంచి చేద లాగినట్టు బారలు బారలుగా లాగారు. నేను అంత పెద్ద చీర ఎందుకు కొన్నానని ఒక్కో గజానికీ ఒక్కోసారి చింతించాను.

అప్పన్న మావ పైకెక్కి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇంజను తిప్పాడు. ఒక దగ్గు, రెండు పీలికలు, ఆ తర్వాత దబ్బున నీటి ధార! నా చేత లంగరు లాగించి, విరిగే కెరటం ఇంకో పది బారల్లో ఉండగా బోటును దాని ముఖం మీదుగా ఎక్కించి, అవతలికి మెత్తగా దించి, చుట్టూ తిప్పి ఉప్పుటేట్లోకి తెచ్చేశాడు. ఒంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి గాని ఆయన ముఖం ఎద్దును కట్టేసి వచ్చిన రైతు ముఖంలా ఉంది.

ఒడ్డున అధికారి ప్యాంటు పిండుకుంటున్నారు.  అప్పన్న మావ తల తుడుచుకుంటూ అన్నాడు.

"అమ్మోరు సీర కట్టుకుందో నేదో తెల్దు బాబూ. బోటు మాత్రం కుచ్చిళ్ళెట్టి మరీ కట్టీసుకున్నాది."

ముందు అధికారి పెదవి కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. నవ్వి నవ్వి ఇసుకలో కూలబడ్డారు.

"నేను చూడాల్సింది కెరటాల్లో ఇంజను ఆగితే ఏమవుతుందని. ఎవరూ ఆపి చూపించరు. మీరు అడక్కుండానే చూపించారు. బోటు గట్టిదే. నడిపే మనిషి బోటు కంటే గట్టివాడు," అంటూ తడిసిన ఫైలు తెరిచి, రాసి, సంతకం పెట్టి నా చేతికిచ్చారు.

ఒడ్డున పాతికమంది పోగయ్యారు. నీలమ్మ అత్త కళ్ళు కాగితం మీదే ఉన్నాయి.

"ఏటి రాసినారు అల్లుడూ? నీకు సదువొచ్చు గదా, సదువు."

చదివాను. మొగ దాకా అనుమతి ఉంది. కింద సొంత దస్తూరీతో ఒక షరతు కూడా ఉంది. "బోటును అప్పన్న మాత్రమే నడపవలెను. యజమాని బోటులో ఉన్నప్పుడు స్టీరింగుకు ఆరడుగుల దూరములో, చేతులు కట్టుకుని కూర్చొనవలెను."

"ఇంకోపాలి సదువు. గట్టిగా," అంది నీలమ్మ అత్త కళ్ళు తుడుచుకుంటూ.

వానలు తగ్గాయి. వేరావల్ రైలు అప్పన్న మావ లేకుండానే వెళ్ళింది. నేను ప్రతి ఆదివారం ఆరడుగుల దూరంలో చేతులు కట్టుకుని కూర్చుని, ఆయన కెరటాలతో మాట్లాడే తీరును కళ్ళారా చదువుకుంటున్నాను. ఇక మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ప్రదక్షిణ చేయవలసి వస్తే గుడి చుట్టూనే చేస్తాను, కాలినడకనే చేస్తాను, ఆ గుడికి పొట్ట కింద నోరు లేదని వంగి చూసుకుని మరీ చేస్తాను.